టోపీ లేని సెల్యూట్

యుద్ధంలో పోరాడి, మేజర్‌గా రిటైరయినంక లా చదివి, కామారెడ్డిలో నల్లకోటు తొడిగిన. నా మొదటి కేసు ఎల్లారెడ్డి కోర్టులో, బీడీలు చేసే ఒక అవ్వది. పొలం గెట్టు తగాదా.

జడ్జిగారు రాగానే వకీళ్లంతా తలవంచి నమస్కారం పెట్టిండ్రు. నేను మాత్రం అలవాటుకొద్దీ మడమలు కలిపి ఠక్కున సెల్యూట్ కొట్టిన! కోర్టంతా ఒకటే నవ్వు. జడ్జిగారు కూడా ఆపుకోలేకపోయిండ్రు. సిగ్గుతో తల ఎత్తలేకపోయిన.

వాయిదా పడ్డంక, వరండాలో అవ్వ నా కోటు పట్టుకున్నది.

"ఇంకొక్కపారి కొట్టు బిడ్డా. ఫౌజ్‌ల పానం ఇడిసిన నా కొడుకు, సెలవుకొస్తే గడప ముంగట నిలబడి నాకు గిట్లనే కొట్టేటోడు."

కొట్టిన.

నెత్తిన టోపీ లేకుండా సెల్యూట్ కొట్టొద్దని ఫౌజ్ నియమం. ఆ రోజు ఆ తప్పు రెండుసార్లు చేసిన. సిగ్గుపడ్డది మొదటిదానికే.