కుడి పక్క చెయ్యి

నేను నంద్యాలలో ఒక స్కాన్ సెంటర్‌లో సీటీ టెక్నీషియన్‌ని. పదకొండేళ్లుగా మనుషుల లోపలి భాగాలు చూస్తున్నాను. దయ్యం పట్టింది, గాలి సోకింది అని ఎవరైనా అంటే ముందు బీపీ చూపించుకోమని చెప్పే రకం. ఇది చదివాక కూడా మీరు నన్ను అలాగే అనుకోవాలని నా కోరిక.

మా అక్కది ఆళ్లగడ్డ. బావ రాతి విగ్రహాలు చెక్కుతాడు. రెండేళ్ల కిందట అక్కకు ఉన్నట్టుండి భయం పట్టుకోవడం మొదలైంది. కూరగాయలు తరుగుతూనే ముఖం పాలిపోయేది. తలనొప్పి, ఒళ్లంతా చెమట, గుండెదడ. పావుగంటలో అన్నీ తగ్గిపోయేవి. వీధిలోవాళ్లు గాలి సోకిందన్నారు. బావ అహోబిలం తీసుకెళ్లి మొక్కుకున్నాడు. ఒకసారి దడ వచ్చినప్పుడే నేను బీపీ చూశాను. ఆ అంకె చూసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరు రక్తపరీక్షలు చేయించి, బీపీకి మాత్రలిచ్చి, అడ్రినల్ గ్రంథులకు సీటీ రాశారు. కిడ్నీల పైన ఉండే చిన్న గ్రంథులవి. భయం వేసినప్పుడు గుండెను పరుగెత్తించే హార్మోను అక్కడి నుంచే వస్తుంది. బాగున్న గ్రంథి స్కాన్‌లో తలకిందులు చేసిన పంగలకర్రలా, రెండు సన్నటి కొమ్మలతో కనిపిస్తుంది. గడ్డ పుడితే ఆ కొమ్మ ఉబ్బి గుండ్రంగా మారుతుంది.

అక్కకు స్కాన్ నేనే తీశాను. మధ్యాహ్నం వేళ. గది తలుపు నేనే మూసి వచ్చి అద్దం ఇవతల కూర్చున్నాను. స్కాన్ నడిచేటప్పుడు లోపల పేషెంటు తప్ప ఎవరూ ఉండరు. అక్క ఒక్కతే ఉంది. చూస్తూనే ఉన్నాను.

ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ. కుడి గ్రంథి సన్నగా, శుభ్రంగా ఉంది.

బల్ల మీద నుంచి లేపుతుంటే అక్క అడిగింది. "లోపల నా పక్కన నిలబన్న ఆ యమ్మ ఎవురు?"

"ఎవురూ లేరు గదక్కా."

"ఉన్నింది. ఈడ కుడి పక్క చెయ్యి పెట్టింది. సల్లగా ఉన్నింది చెయ్యి. ఈ పక్క గూడా చూడమని మీ డాక్టరుకు చెప్పు అనింది."

స్కాన్‌లో తేటగా కనిపించడానికి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు ఒంట్లో ఏదో జరుగుతున్నట్టు చాలామందికి అనిపిస్తుంది. కానీ వాళ్లందరూ వేడి అంటారు. చల్లగా ఉందని నాకెవరూ చెప్పలేదు.

కారణం చెప్పకుండా, కుడివైపు ఇంకోసారి చూడమని డాక్టరును అడిగాను. ఆయన చూసి నార్మల్ అన్నారు.

కర్నూలులో ఆపరేషన్ చేసి ఎడమ గ్రంథి తీసేశారు. అక్క మామూలు మనిషైంది. నాకే మనశ్శాంతి లేదు. ఎవరి స్కాన్ తీస్తున్నా కళ్లు కుడివైపుకే పోయేవి. ఎనిమిది నెలలు ఓర్చుకున్నాను. ఏడాదికి తీస్తే చాలని డాక్టరు అన్నా వినకుండా అక్కను మళ్లీ పిలిపించాను.

కుడి గ్రంథి కొమ్మ మీద శనగగింజంత ఉబ్బు.

పాత స్కాన్ పక్కన పెట్టి ఒక్కొక్క చిత్రమే పోల్చాం. డాక్టరు పెద్దవి చేసి చూశారు. "అప్పుడు లేదమ్మా. లేనిదాన్ని ఎవరు చూస్తారు?" అన్నారు.

అక్కను పక్కకు తీసుకెళ్లి అడిగాను. "ఆ యమ్మ ఎట్లుండె?"

"మొగం జూల్లేదు. చెయ్యి ఒగటే జూసినా."

"ఈసారి వచ్చిందా?"

"రాలేదు. చెప్పాల్సింది చెప్పింది గదా, ఇంగేం పని ఆమెకు?"

తొందరగా దొరకడం వల్ల హైదరాబాద్‌లో ఉబ్బు మాత్రమే తీసి, మిగతా గ్రంథిని కాపాడారు. ఆలస్యమై ఉంటే రెండోది కూడా పోయి, అక్క బతికినంత కాలం మాత్రల మీదే ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు బాగుంది.

ఇలా రెండువైపులా వస్తే కుటుంబంలో ఉండొచ్చని, నన్నూ పరీక్ష చేయించుకోమన్నారు డాక్టరు. పోయిన నెల అదే బల్ల మీద పడుకున్నాను. నాతో పనిచేసే అమ్మాయి అద్దం అవతల కూర్చుంది. గడ్డ ఉందేమోనన్న భయం కన్నా, ఏ పక్క చెయ్యి పడుతుందోనన్న భయమే ఎక్కువ వేసింది.

ఎవరూ తాకలేదు. రిపోర్టు నార్మల్.

అక్క చెప్పినదానికి అర్థమేమిటో నాకిప్పటికీ తెలియదు. నా స్కాన్ నడిచినంతసేపూ నేను కళ్లు తెరవలేదన్నది మాత్రం నిజం.