డాబా మీద టెన్నికాయిట్

నాకు ముప్పై ఆరో ఏడు నడుస్తుండగా, మిరపకాయల సీజన్లో ఒక మధ్యాహ్నం, ఆఫీసు కుర్చీలో కూర్చునే చచ్చిపోతున్నాననుకున్నాను.

తొంభైల చివరి రోజులవి. గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఒక చిన్న పట్టణంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేదాన్ని. సెల్‌ఫోన్లు ఇంకా మా వైపు రాలేదు. ఊళ్లో ఎవరి ఫోను మూగబోయినా పక్కింటి నుంచో ఎస్టీడీ బూతు నుంచో ముందు నాకే చేసేవాళ్లు. ఫిర్యాదు రాసుకోవడం, లైన్‌మన్‌కి చెప్పడం, ఈ రెండింటి మధ్యా తిట్లు తినడం, ఇదే నా ఉద్యోగం. మామూలు రోజుల్లో ఆ తిట్లు ఒంటికంటేవి కావు. మిరపకోతలు మొదలయ్యాక మాత్రం వేరే సంగతి. గుంటూరు యార్డులో పొద్దున చెప్పిన ధర మధ్యాహ్నానికి ఉండదు. అలాంటప్పుడు ఫోను పనిచేయకపోతే వ్యాపారులకి ఒళ్లు తెలిసేది కాదు.

ఆ రోజు ఒకాయన పొద్దుట్నుంచీ చేస్తూనే ఉన్నాడు. చివరిసారి తిట్టను కూడా తిట్టలేదు. ఇంక మీతో ఏం మాట్లాడతానమ్మా అని నీరసంగా పెట్టేశాడు. నేను రిసీవరు పెట్టాను. అంతే, గుండె గొంతులోకి వచ్చి కొట్టుకోవడం మొదలుపెట్టింది. వేళ్లు చల్లబడిపోయాయి. గదిలో గాలి ఎవరో తీసేసినట్టయింది. పక్క సీటావిడ నా మొహం చూసి ఆటో పిలిపించింది. ఆస్పత్రిలో ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు. నేను నమ్మలేదు. ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు అలాగే అయ్యేసరికి, మా ఆయన స్కూలుకి సెలవు పెట్టి నన్ను ఒంగోలు తీసుకెళ్లారు.

ఒంగోలు డాక్టరు పెద్దాయన. పరీక్షలన్నీ చూసి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"మీ గుండె భేషుగ్గా ఉందమ్మా. దీన్ని ఆందోళన అంటారు. ప్రాణానికేం కాదు. అలాగని మీరు పడే బాధ ఉత్తదీ కాదు."

ఆ రెండో మాటకి నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా అందరూ నీకేం లేదు, నీకేం లేదు అన్నవాళ్లే. ఏమీ లేకపోతే మరి నేను పడేదేమిటో చెప్పినవాళ్లు లేరు. ఆయన కొన్ని వారాలకి మాత్రలు రాశారు, తాను చెప్పకుండా ఆపొద్దన్నారు. ఊపిరి లోపలికి పీల్చడం కంటే బయటికి వదలడం ఎక్కువసేపు ఉండాలని, ఎదురుగా కూర్చోబెట్టి చేసి చూపించారు. తరవాత, ఒళ్లు అలిసేలా నవ్వి ఎన్నాళ్లయిందని అడిగారు. నాకు గుర్తు రాలేదు. చిన్నప్పుడు ఏం ఆడేవారని అడిగారు.

"టెన్నికాయిట్ అండి" అన్నాను. స్కూలు వదిలాక ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు.

తిరుగు బస్సులో మా ఆయన అదేం ఆటని అడిగారు. పన్నెండేళ్ల కాపురంలో ఆయనకీ సంగతి తెలియనే తెలియదు. మధ్యలో వల కడతారని, రబ్బరు రింగుని అటూ ఇటూ విసురుతారని, ఒంటి చేత్తోనే పట్టాలని, పట్టిన రింగుని చేతిలో ఉంచుకోకుండా వెంటనే విసరాలని, రింగు గాలిలో వణుకుతూ వెళితే ఫౌలని చెప్పాను. చెబుతూ చెబుతూ టిఫిను గిన్నె మూత తీసి విసిరే తీరు చూపించబోయాను. ముందు సీట్లో కూర్చున్నాయన వెనక్కి తిరిగి, మూత వంక ఒకసారి చూసి, తల కాస్త పక్కకి జరుపుకున్నాడు. మా ఆయన నవ్వాపుకోలేకపోయారు.

మా ఇంటి కింది వాటాలో ఒకమ్మాయి బట్టలు కుట్టేది. నాకన్నా అయిదారేళ్లు చిన్న. వాళ్లాయనకి బజారులో చెప్పుల కొట్టు. రంజాను నెలలో సాయంత్రాలు మా పిల్లలు వాళ్లింట్లోనే ఉండేవాళ్లు. నాతో జాకెట్ల కొలతల దగ్గర మొదలైన స్నేహం అన్ని సంగతులూ చెప్పుకునేదాకా వచ్చింది. డాక్టరు అడిగిన ప్రశ్న చెప్పగానే ఆ పిల్ల మిషను తొక్కడం ఆపేసింది.

"అక్కా, నేను బాపట్లలో చదివేటప్పుడు మా స్కూలు టీము కెప్టెన్ని. నాకెందుకు చెప్పలేదు ఇన్నాళ్లూ?"

కుట్టే రవిక అలాగే సూది కింద వదిలేసి లేచింది. ఇద్దరం బజారుకెళ్లాం. ఆటవస్తువుల కొట్టాయన అటక మీంచి దుమ్ము పట్టిన రింగు దింపి, పిల్లలకా అని అడిగాడు. మాకే అని చెప్పేసరికి ఇంకోసారి తుడిచి ఇచ్చాడు.

ఆ సాయంత్రమే డాబా ఎక్కాం. దండేనికి పాత చీర ఆరేసి దాన్నే వల అనుకున్నాం. డాబాలో సగం మా అత్తగారిది. ఏడాదికి సరిపడా కారానికి మిరపకాయలు అక్కడ ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆవిడ పిట్టగోడ పక్కన పీట వేసుకుని తొడిమలు తీస్తోంది. నేను విసిరిన మొదటి రింగు గాలిలో వణికిపోతూ వెళ్లి సరిగ్గా ఆ మిరపకాయల నడిమధ్యన పడింది.

"అమ్మాయ్, నా కాయలు తొక్కితే మాత్రం ఊరుకునేది లేదు" అంది మా అత్తగారు, తలెత్తకుండానే.

ఆ పిల్ల మునివేళ్ల మీద వెళ్లి రింగు తీసింది. ఘాటుకి తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్ముతూనే విసిరింది, నేను తుమ్ముతూనే పట్టాను, చెమట తుడుచుకోబోయి అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాను. కళ్లలో నిప్పు పోసినట్టయింది. బకెట్టు దగ్గర కూర్చుని మొహం కడుక్కుంటూ ఇద్దరం ఎందుకు నవ్వుతున్నామో తెలియనంతగా నవ్వాం. మా అత్తగారు మజ్జిగ తెచ్చి కళ్లకి రాయమంది. ఆవిడా నవ్వుతోంది.

మర్నాటి నుంచి సాయంత్రమయితే నా కాళ్లు ఆగేవి కావు. ఆఫీసులో అయిదు కొట్టేసరికి చెప్పులేసుకుని సిద్ధంగా ఉండేదాన్ని. చెయ్యి కొంచెం కొంచెంగా పాత పని గుర్తు తెచ్చుకుంది. రింగు వణకడం తగ్గింది.

అలా ఆడుతుండగానే ఒకరోజు మళ్లీ వచ్చింది. ఒక మూల నుంచి ఇంకో మూలకి పరుగెత్తి రింగు పట్టుకున్నాను. గుండె దడదడలాడింది. ఆ దడ నాకు తెలిసిన దడలాగే ఉంది. అంతే, భయం పట్టుకుంది. రింగు వదిలేసి కింద కూలబడ్డాను. నాకొచ్చేసింది, మీ బావగారిని పిలువు అన్నాను. ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుంది. నా చెయ్యి తీసుకుని తన మెడ పక్కన పెట్టుకుంది. అక్కడ నరం చేప గిలగిల్లాడినట్టు కొట్టుకుంటోంది.

"నాదీ అంతే కొట్టుకుంటోందక్కా. ఇంతసేపు పరిగెత్తాం గదా, కొట్టుకోక ఏం చేస్తుంది?"

నేను రెండో చెయ్యి నా మెడ మీద పెట్టుకున్నాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఆమెది ఆటకి కొట్టుకుంటోంది, నాది భయానికి, గుండెలు చేసే పని మాత్రం ఒకటే. డాక్టరు చూపించినట్టు ఊపిరి నెమ్మదిగా వదులుతూ కూర్చున్నాను. కాసేపటికి రెండూ కలిసే నెమ్మదించాయి. లేచి మళ్లీ ఆడాం. ఆ సాయంత్రం నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. ఎన్ని వారాలుగానో నన్ను తరుముతున్నదాని మొహం మొదటిసారి చూశాననిపించింది.

ఆఫీసులో దడ రావడం ఆగిపోలేదు. వచ్చినప్పుడు మాత్రం, పరిగెత్తాను కాబోలు అనుకుని ఊపిరి వదిలేదాన్ని. ఒక్కోసారి పనిచేసేది. పనిచేయనప్పుడు లేచి మొహం కడుక్కొచ్చి, పక్క సీటావిడకి కాసేపు నా ఫోను అప్పగించేదాన్ని. అలా సాయం అడగొచ్చని కూడా అంతకుముందు నాకు తోచేది కాదు.

ఎండలు ముదిరాక డాబా మీద కాళ్లు కాలేవి. మా వీధి చివర పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి అయిపోయి మిల్లు ఖాళీగా ఉండే రోజులు. వాచ్‌మన్‌ని అడిగితే ఆవరణలో ఆడుకోమన్నాడు. అక్కడ నిజం వల కట్టాం, ముగ్గుతో గీతలు గీశాం. మూలల్లో మిగిలిన దూది గాలికి లేచి చెమట పట్టిన చేతులకి, జుట్టుకి అంటుకునేది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లలో కొందరు కొంగు బిగించి ఆటలోకి దిగారు. మా అత్తగారు పీట అక్కడికి తెచ్చుకుని పాయింట్లు చెప్పేది. నాకు అనుకూలంగా ఒక్కటంటే ఒక్కటి చెప్పేది కాదు.

మరుసటి ఏడాది మార్చిలో ఒంగోలులో మహిళలకి ఆటల పోటీలు పెట్టారు. ముప్పై దాటినవాళ్లకి టెన్నికాయిట్ డబుల్స్ ఉంది. ఆ పిల్ల నన్ను అడగకుండానే ఇద్దరి పేర్లూ ఇచ్చేసి, ఆ తరవాత నాకు చుడీదారు కుట్టింది. పెళ్లయ్యాక నేను చీర తప్ప కట్టి ఎరగను. వేసుకుని హాల్లోకొచ్చి, మా అత్తగారు ఏమంటుందోనని నిలబడ్డాను. ఆవిడ పైనుంచి కింది దాకా చూసింది.

"ఆ చున్నీ నడుముకి బిగించి కట్టుకో. లేకపోతే కాళ్లకి అడ్డం పడుద్ది."

పోటీ రోజు పొద్దున బస్సు ఒంగోలు దగ్గర పడుతుండగా నాకు మొదలైంది. వేళ్లు చల్లబడ్డాయి. అంతమంది ముందు పడిపోతే ఎలాగనే ఊహ ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. దిగిపోదామన్నాను. ఆ పిల్ల కిటికీ లోంచి బయటికి చూసింది.

"దిగుదామంటే దిగుదామక్కా. కానీ ఇక్కడ పొగాకు కాల్చే బ్యారన్లు తప్ప ఏం లేవు. వచ్చే స్టాపు దాకా చూద్దాం."

వచ్చే స్టాపులో మళ్లీ అదే మాట అంది. దాని తరవాతి స్టాపులోనూ అంతే. అలా ఒంగోలు వచ్చేసింది.

గ్రౌండు నిండా ఆడవాళ్లు. టీచర్లు, నర్సులు, అంగన్వాడీ ఆయాలు, పొలాల నుంచి తిన్నగా వచ్చినట్టున్నవాళ్లు. మైకులో మా ఊరి పేరు పిలిచారు. గీత మీద నిలబడి సర్వీసుకి రింగు అందుకునేసరికి గుండె చెవుల్లో మోగుతోంది. దాన్ని ఆపాలని చూడలేదు. మోగనీ అనుకున్నాను. రింగు విసిరాను. వణక్కుండా, పళ్లెంలా తిన్నగా, వలకి కాస్త పైనుంచి వెళ్లి అవతల మూలలో పడింది. అవతలివాళ్లు కదలనే లేదు.

ఆ తరవాత నాకు జనం కనపడలేదు. రింగు కనపడింది, పక్కన ఆ పిల్ల చెయ్యి కనపడింది. "నాదక్కా", "నీదే" అని అరుచుకుంటూ ఆడాం. మొదటి మ్యాచి గెలిచాం. రెండో మ్యాచిలో ఇద్దరు డ్రిల్లు టీచర్లు తగిలారు. వాళ్లు మమ్మల్ని ఆ మూల నుంచి ఈ మూలకి తిప్పి తిప్పి కొట్టారు. ఇరవయ్యొక్క పాయింట్ల చివరి ఆటలో ఇరవై దాకా లాక్కొచ్చి, ఆఖరి రింగు నా వేళ్లకి తగిలి జారిపోయింది. అది పడ్డచోటే పడుకుని ఆకాశంలోకి చూస్తూ రొప్పాను. డ్రిల్లు టీచర్లలో ఒకావిడ చెయ్యి అందించి లేపి, వచ్చే ఏడు కూడా రండి, మీతో ఆట బాగుంది అంది.

తిరుగు బస్సులో మా నోళ్లు మూతపడలేదు. ప్రతి పాయింటూ మళ్లీ ఆడాం. ఆ రింగు అలా వచ్చింది, నేనిలా పట్టాను, నువ్వెక్కడున్నావు, నేనిక్కడున్నాను అంటూ చేతులు గాలిలో ఊపుతున్నాం. బస్సులో సగం మంది వింటున్నారు. టిక్కెట్లు కొట్టడం అయిపోయిన కండక్టరు మా సీటు పక్కనే కమ్మీకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంతకీ గెలిచారా అమ్మా?"

"ఓడిపోయాం" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఆయనకేమీ అర్థం కాలేదు. తల గోక్కుంటూ ముందుకి వెళ్లిపోయాడు. ఆ పిల్ల అప్పటికే రెండో మ్యాచిలో మూడో పాయింటు దగ్గరికి వెళ్లిపోయింది. నేను సీటు అంచుకి జరిగి కూర్చుని, తరవాత ఏమైందో నాకు తెలియనట్టే వింటున్నాను.