ఎక్కడం చూశారు, దిగడం చూడలేదు

చలికాలంలో లంబసింగి మంచు చూడడానికి వచ్చిన కార్లు మధ్యాహ్నానికల్లా తిరుగుముఖం పడతాయి. గేరు మీద బండిని పట్టి ఉంచడం తెలియని పల్లపువాళ్ళు మలుపు మలుపుకీ బ్రేకు తొక్కిపట్టి దిగుతారు. మూడో మలుపు దాటేసరికి చక్రాల్లోంచి ఒక కంపు లేస్తుంది. వెంట్రుకలూ రబ్బరూ కలిపి పెనం మీద మాడ్చినట్టుంటుంది. ఆ వాసన తగిలితే నేను స్కూటరు పక్కకి తీసి ఆపేస్తాను. బళ్ళో నాతో పాఠాలు చెప్పే టీచర్లు దాన్ని చాదస్తం అంటారు, అననివ్వండి. ఆ వాసన నాకు పన్నెండో ఏట తెలిసింది. తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు.

మాది హుకుంపేట దాటాక కొండవార ఊరు. ఇంటి ముందు వెదురు తడికల మీద కాఫీ పళ్ళు ఎండుతుంటే పుల్లబడిన తీపి వాసన వేసేది. లోపల మామ్మ మట్టికుండలో రాగి అంబలి కలుపుతూ పొయ్యిలో తడికట్టెలు ఊదేది. ఆ పొగ మా బట్టలకీ జుట్టుకీ పుస్తకాలకీ పట్టి, బడిలో ఎవరి పుస్తకం ఎవరిదో వాసన చూసి చెప్పగలిగేవాళ్ళం. చింతపండు కొట్టే రోజులు, అడ్డాకులు కుట్టే రోజులు, పనసపండు కోసి చేతులకి నూనె రాసుకునే రోజులు, ఇలా మాకు నెలల పేర్లతో పనిలేకుండానే ఏడాది గడిచిపోయేది. నాకు నచ్చనిది ఒక్కటే, చైత్రంలో మా ఇటుకల పండగ అయిన మర్నాడు. ఆ రోజు మేస్త్రి లారీ వచ్చేది. అమ్మా అయ్యా రెండు దుప్పట్లూ ఒక గిన్నే కట్టుకుని విశాఖలో కట్టుబడి పనులకి ఎక్కేవాళ్ళు. తొలకరి పడ్డాక గానీ తిరిగొచ్చేవాళ్ళు కాదు. పండగ వారం ఉందనగానే తమ్ముడు పక్క తడపడం మొదలుపెట్టేవాడు, వాళ్ళు తిరిగొచ్చేదాకా మానేవాడు కాదు. ఒక ఏడు అమ్మ తిరిగొచ్చేసరికి వాడు ఆమెని గుర్తుపట్టక మామ్మ వెనక దాక్కున్నాడు. అమ్మ ఏడవలేదు. మూట విప్పకుండా అలాగే గడప మీద కూర్చుండిపోయింది.

ఆ ఏడు అయ్యకి ఒక ఉద్యోగం మాట వచ్చింది. కొండల మీది ఊళ్ళలో జ్వరం వచ్చినవాళ్ళకి మలేరియా పరీక్షకని వేలు గుచ్చి గాజుపలకల మీద రక్తం పూతలు తీస్తారు కదా, వాటిని వారానికి మూడుసార్లు చేర్చే మనిషి కావాలన్నారు ఆస్పత్రివాళ్ళు. సొంత బండి ఉండాలి, లైసెన్సు ఉండాలి. పండగ వెళ్ళేలోగా రెండూ చూపిస్తే అయ్యదే ఆ పని, లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. రెండు మేకలూ ఆ ఏటి కాఫీ పంటా కలిపి అమ్మేసి పాత మోటారుసైకిలు కొనడానికి అమ్మ ఒప్పుకుంది. అయ్య ఉంటే అమ్మా ఉంటుంది, లేకపోతే ఇద్దరూ లారీ ఎక్కుతారు. ఆ పండగ నెలంతా నాకు వేరే ఆలోచన లేదు.

బండి ఎంచడానికి మా సన్నాసి మావ వచ్చాడు. అమ్మకి తమ్ముడు, జీపు మీద క్లీనరు. మా వైపు పాతబండి కొనడం ఎద్దుని కొన్నట్టే. రంగు చూడరు, కాగితాలు తర్వాత చూస్తారు, ముందు బరువు కట్టి కొండ ఎక్కిస్తారు. మావ ఇంకో మెట్టు పైన. తెల్లారకుండా సంతకి వెళ్ళి, అమ్మేవాడు బేరానికి దిగకముందే ఇంజను మీద చెయ్యి వేసి చూసేవాడు. వెచ్చగా తగిలితే ముందే వేడి చేసి పెట్టాడని అర్థం, ఇక ఆ బండి జోలికి వెళ్ళేవాడు కాదు. మూడు సంతలు అలాగే వట్టి చేతులతో తిరిగొచ్చాం. నాలుగో సంతలో పల్లం నుంచి వచ్చిన బేరగాడి దగ్గర ఒక నల్లబండి ఉంది. సీటు చిరిగింది, అద్దాలు లేవు, కానీ తెల్లవారుజాము చలిలో మంచు కారుతున్న ఇంజను ఒక్క కిక్కుకే అందుకుంది. మావ ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది.

సంత వెనకాల కొండ ఎగుడు ఉంది. అయ్య తోలాడు, వెనక మావ, వాళ్ళిద్దరి మధ్యా ఒక రాగుల బస్తా. బండి ఎక్కడా మూలగకుండా పైదాకా ఎక్కింది. సంతలో వాళ్ళంతా బేరాలు మాని చూశారు, నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు కూడా చుట్ట నోట్లోంచి తీసి చూశారు. పైనుంచి మావ చెయ్యి ఊపాడు. దిగేటప్పుడు మాత్రం, అడ్డదారిన ముందే పైకెళ్ళిన బేరగాడు తానే ఎక్కాడు. "ఇంజను వేడెక్కింది, మీరు నడిచి రండి, నేను దింపుతాను" అన్నాడు. అయ్యా మావా బస్తాకి చెరో కొసా పట్టుకుని అడ్డదారిన దిగుతున్నారు. నేను మాత్రం దిగుడు చివర రోడ్డువార రాయి మీద కూర్చుని ఉన్నాను. బండి నా పక్కనుంచి వెళ్ళింది. బేరగాడు బ్రేకు తొక్కుతూనే ఎడమ చెప్పుని కూడా నేల మీద ఈడుస్తున్నాడు. చక్రంలోంచి ఆ కంపు వచ్చి నా ముఖానికి కొట్టింది. అయ్య నా దగ్గరకొచ్చేసరికి చక్రం మీద చెయ్యి వేస్తే ఇంకా వేడి తెలిసేదే. మావ అప్పటికే బండి చుట్టూ తిరుగుతున్నాడు.

"ఏటే గుంటా, బండి బాగుందా?" అని అయ్య నన్ను అడిగాడు.

అప్పటికి మిగిలింది ఆ ఒక్క సంతే. దాని తర్వాత పండగ, పండగ తర్వాత లారీ. "బాగుంది" అన్నాను.

ఇంటికి తెచ్చాక మామ్మ బండికి పసుపు రాసి, కోడిని తిప్పి కోసి ముందు చక్రానికి రక్తపు బొట్టు పెట్టింది. రోడ్డు గుర్తుల పరీక్షకి బండి కొనక నెల ముందే అయ్యని నేనే తయారు చేశాను. ఆయనకి చదువు రాదు, గోడ మీద బొగ్గుతో బొమ్మలు వేసి అడిగేదాన్ని. రైలుగేటు గుర్తు చూపిస్తే "గొడ్లదొడ్డి" అనేవాడు. మా మండలంలో లేని ఎర్రదీపం ముందు ఎందుకు ఆగాలో ఆయనకి ఎంత చెప్పినా ఎక్కలేదు. అయినా బట్టీపట్టి ఆ పరీక్ష గట్టెక్కాడు. ఇక మిగిలింది తోలి చూపించడం. కళ్ళంలో రెండు గుమ్మడికాయలు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకెలా తిరిగేవాడు, అమ్మ చీపురు పట్టుకుని కోళ్ళని అదిలించేది. నేను అరుగు మీద కూర్చుని రోజూ అనుకునేదాన్ని, ఇవాళ చెబుతాను, ఇవాళ చెబుతాను అని. తమ్ముడు ఆ వారం రోజులూ పక్క తడపలేదు. అది చూసి నోరు మూసుకునేదాన్ని.

పల్లపు ఆఫీసర్లు పాడేరులో లైసెన్సు శిబిరం పెట్టిన రోజు సరిగ్గా ఇటుకల పండగలో పడింది. ఆ పండగకి మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు ఊరూరా రోడ్డుకి అడ్డంగా వెదురుగడ పట్టుకుని దారి కడతారు. వచ్చిన ప్రతి బండీ ఆగి పజోరు, అంటే పండగ మామూలు, ఇవ్వాల్సిందే, ఇవ్వడానికి లేకపోతే దిగి వాళ్ళ వరసలో చేతులు కలిపి థింసా ఆడాల్సిందే. వేటకి వెళ్ళని మగాడి మీద పేడనీళ్ళు పోసినా అడిగేవాడు లేడు. "ఈ ఏడుకి నా వేట అక్కడుంది" అని అయ్య తెల్లచొక్కా వేసుకున్నాడు. కాగితాలు చదివి పెట్టడానికి నన్ను వెనక ఎక్కించుకున్నాడు. అమ్మ ఎదురొచ్చింది. బండి కదిలింది. అయ్య నడుం గట్టిగా పట్టుకున్నాను, ఆయన చొక్కా నా చెమటకి తడిసింది.

మొదటి ఊళ్ళన్నీ బాగానే దాటాం. అయ్య గేరులోనే, నడిచినంత మెల్లగా తోలాడు. దారి కట్టిన ప్రతిచోటా దూరం నుంచే హారను కొట్టి, కాళ్ళు రెండూ నేలకి ఆనించి ఆగాడు. పాడేరు ఇంకో కొండ దిగుడు ఉందనగా బండి రిజర్వులో పడింది. పెట్రోలు బంకు కిందెక్కడో ఉంది, పరీక్షకి పెట్రోలు మిగలాలి. దిగుడులో ఇంజను ఆపి బండిని వదిలెయ్యడం కొండమీద అందరికీ అలవాటే, బస్సులు కూడా అలా దిగడం చూశాను. అయ్య కాసేపు ఆలోచించి తాళం తిప్పేశాడు.

చప్పుడు పోయింది. గాలి చెవుల్లో మోగడం మొదలైంది. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండోదానికి అయ్య వీపు బిగిసింది. కుడిపాదం మళ్ళీ మళ్ళీ తొక్కుతోంది, బండి మాత్రం ఆగడం లేదు. ఆ కంపు మళ్ళీ వచ్చింది. గేరు వేద్దామని చూశాడు, అది పళ్ళు నూరినట్టు అరిచింది గానీ పడలేదు. మూడో మలుపు తిరిగేసరికి ఎదురుగా వెదురుగడ, దాని వెనక వరసగా పదిమంది ఆడవాళ్ళు, తలలో పూలు, నడుములకి కొత్త చీరలు. ఇంజను చప్పుడు లేదు కాబట్టి బండి వస్తోందని వాళ్ళకి తెలియదు. అటు తిరిగి పాడుకుంటున్నారు. అయ్య "తప్పుకోండే" అని అరిచాడు. హ్యాండిలు ఎడమకి కొట్టి బండిని కొండవార మట్టిలోకి ఎక్కించాడు.

నేను తుప్పల్లో పడ్డాను. మోకాలు చీరుకుంది, అంతే. అయ్య బండి కింద ఉన్నాడు. బండి గడకి తగలడంతో, దాని చివర పట్టుకున్న ఒక ముసలమ్మ మోచేతి మీద పడి లేచింది, రక్తం కారుతున్నా గడ వదల్లేదు. ఆడవాళ్ళు బండి ఎత్తి అయ్యని బయటికి లాగారు. ఎడమ మణికట్టు అప్పుడే బూరెలా పొంగుతోంది. ఎవరూ తిట్టలేదు, దానికే ఎక్కువ భయం వేసింది. ముసలమ్మ దగ్గరకొచ్చి అయ్యని కిందనుంచి పైకి చూసింది.

"ఎనకాల గుంటనెట్టుకుని ఏటిది నాయనా? సచ్చిపోతే?"

అయ్య తల ఎత్తలేదు. "తప్పైపోనాదమ్మా."

"దారి కట్టినప్పుడు ఆగాల. ఆగనేదు. మరింక ఆడాల."

తెల్లచొక్కా నిండా ఎర్రమట్టితో, వాచిన చెయ్యి ముసలమ్మ నడుం మీద వేసి, అయ్య ఆ వరసలో నాలుగు అడుగులు వేశాడు. పళ్ళు బిగపట్టి ఆడుతున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను తుప్ప పక్కన నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను. భయానికని వాళ్ళు అనుకున్నారు. తర్వాత వాళ్ళే మా బండిని వెనక్కి లాగి పట్టుకుంటూ దిగుడంతా దింపారు.

శిబిరంలో ఇన్‌స్పెక్టరు కాగితాలు చూసి, మట్టిచొక్కా చూసి, "బండి బ్రేకులు బాగున్నాయా?" అని అడిగాడు. అయ్య మణికట్టు తువ్వాలు కింద దాచుకుని "బాగున్నాయండి" అన్నాడు. ముసలమ్మ మోచెయ్యి నా కళ్ళముందు కదిలింది. "లేవు సార్" అన్నాను. అయ్య నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఏముందో నాకప్పుడు తెలియలేదు. ఇంట్లో దుప్పట్లు మూట కట్టినట్టే, తమ్ముడు మామ్మ వెనక దాక్కున్నట్టే అనిపించింది. ఇన్‌స్పెక్టరు కాగితాలు మడిచి అయ్య చేతికిచ్చాడు. "నాలుగింటికి మూసేస్తాం. అప్పటికి బాగుచేయించుకొస్తే చూస్తాను" అన్నాడు.

పండగపూట షెడ్లన్నీ మూసి ఉన్నాయి. ఊరి చివర ఒక్క మెకానిక్కు వేటకి పోకుండా నిద్రపోతున్నాడు. అతన్ని లేపి, బతిమాలి, చక్రం విప్పిస్తే లోపల బ్రేకు లైనర్లు కాగితంలా అరిగిపోయి ఉన్నాయి. "దీనిమీద గుంటనెక్కించుకుని ఘాటీ దిగినావా?" అని అతను అయ్యని అదోలా చూశాడు. వేరే బండివి పాతవి తీసి అమర్చాడు. మేము మళ్ళీ చేరేసరికి ఇన్‌స్పెక్టరు జీపులో కూర్చుని ఉన్నాడు, మమ్మల్ని చూసి దిగొచ్చాడు. సుద్దతో గీసిన ఎనిమిది అంకె మీద, ఒంటిచేత్తో తోలినట్టే, అయ్య కాలు కింద పెట్టకుండా తిరిగాడు. చివర్లో బ్రేకు తొక్కితే బండి గీత మీద ఆగింది. ఆ ఏడు లారీ వచ్చి, మా ఇంటి ముందు హారను కొట్టి వెళ్ళిపోయింది.

అయ్య పదిహేడేళ్ళు ఆ గాజుపలకలు మోశాడు. ఇప్పుడు ఊరూరికీ తారురోడ్డు పడింది, పరీక్షలు ఊళ్ళోనే చేసేస్తున్నారు, ఆ ఉద్యోగమే లేదు. పండగకి దారి కడుతున్నారు గానీ, కార్లవాళ్ళు అద్దం దించి నోటు పారేసి పోతారే తప్ప దిగి ఆడేవాళ్ళు లేరు. ఆ ముసలమ్మ పోయింది, మామ్మా పోయింది. నల్లబండి మేకలపాకలో ఉంది, దాని సీటు మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

కిందటి నెల అయ్యని కంటి ఆస్పత్రికి స్కూటరు మీద తీసుకెళుతుంటే, ఘాట్‌లో ముందు కారు చక్రాల్లోంచి ఆ కంపు వచ్చింది. పక్కకి తీసి ఆపేశాను. ఇన్నేళ్ళకి చెప్పేశాను, సంతరోజే నాకు ఆ వాసన తగిలిందనీ, నువ్వు అడిగితే బాగుందని అబద్ధమాడాననీ.

అయ్య గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. "నాకు మాత్రం ముక్కు నేదేటి? కిందకొచ్చి సక్రం మీద సెయ్యేసి సూసినాను. కాల్తంది. లారీ ఎక్కి ఎలిపోడం కన్నా అదే నయమనుకున్నాను."

నాకు ఒళ్ళు మండింది. "తెలిసి నన్నెందుకు ఎక్కించుకున్నావు? కాగితాలు అక్కడ ఎవరైనా చదివేవారు కదా."

అయ్య కారు వెళ్ళిన మలుపు వైపు చూశాడు.

"నువ్వు ఎనకాలుంటే మెల్లగా ఎల్తాననుకున్నాను" అన్నాడు. చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుని, వచ్చి నా వెనక ఎక్కాడు. "పద. ఇంజను ఆపకు."