అయిపోయేదాకా ఆపనివ్వని సీనియర్

ఆదోనిలో మా మేడగదిలో ఆ సాయంత్రం ఉన్నవి రెండు స్పీకర్లు, ఒక ఆంప్లిఫయర్, మూసిన కిటికీ. ఉన్నవాళ్ళం నేను, ఎమ్మిగనూరు నుంచి వచ్చి నాతో గది పంచుకున్న సీనియర్. ప్రయోగాత్మక సంగీతంలోనూ ఆయనకు భయపెట్టేవే కావాలి. ఏ ఆల్బమూ మధ్యలో ఆపనిచ్చేవాడు కాదు. ఆ రోజు పెట్టినదాంట్లో పాటే లేదు. ఇనుము ఈడుస్తున్న చప్పుడు, దాని వెనుక ఎవరో ఊపిరందక తీస్తున్న శ్వాస.

ఇంటి ఓనరమ్మ తలుపు తోసుకుని వచ్చింది.

"ఎవర్ని సంపుతాండావప్పా? కింద పిల్లోళ్ళు జడుసుకుంటాండారు. రేపే గది ఖాళీ సెయ్యి!"

ఆమె చేయి ప్లగ్గు మీదికి వెళ్ళింది. ఆయన ఎప్పటిలాగే అరచేయి ఎత్తాడు.

"మద్దెలో ఆపొద్దమ్మా. ఆపితే భయం ఈడనే ఉండిపోతాది. అయిపోనీ."

ఆమె చేయి ఆగింది. భయం తన ఇంట్లో ఉండిపోవడం ఆమెకు ఇష్టం లేదు. గడప దగ్గర కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. స్పీకర్లలో శ్వాస సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. ఆమె నోటి మీది కొంగు తీసింది.

"పీర్ల పండగ నిప్పుల గుండం కాడ గూడా ఇంత భయపడలా," అంది చివరికి. "ఖాళీ ఏం సెయ్యొద్దులే. పిల్లోళ్ళు బడికి పోయినాకనే పెట్టుకో. ఇట్లాంటివి ఇంకెన్ని ఉండాయి?"

ఆయన అలమర తెరిచి, సీడీలు లెక్కపెట్టి చెప్పాడు.

"ముప్పై ఏడు."