అమ్మ తినని ముద్ద

ఏలూరు హాస్టల్లో నా గదికి ఇథియోపియా అమ్మాయి వచ్చిందని తెలిసి, మా క్లాసు ఆడపిల్లలు పరామర్శకి వచ్చినట్టు వచ్చారు. "ఎలా ఉంటావే బాబూ ఆవిడతో?" అని ఒకత్తి. "వాళ్ళ ఊళ్ళో కరెంటుందంటావా?" అని ఇంకొకత్తి. ఊరి పక్కనున్న వట్లూరు దాటి ప్రపంచం చూడని మొహాలు! ఆ అమ్మాయి కూడా తక్కువేం తినలేదు. మెస్సులో మేం ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని తింటుంటే చూసి, "మీకు ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదా?" అని అడిగింది. వీళ్ళ సంగతి ఆవిడకీ, ఆవిడ సంగతి వీళ్ళకీ సర్దిచెప్పడం నా డ్యూటీ అయిపోయింది. చెప్పీ చెప్పీ నోరు పడిపోయేది.

ఆ దేశం వాళ్ళంతా ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. మనసుకి దగ్గరైనవాళ్ళకి తమ చేత్తోనే ముద్ద నోట్లో పెడతారు. తిన్నావా, వాళ్ళ మనిషివి. వద్దన్నావా, మొహం మీద తలుపేసినట్టే. ఆదివారాలు తనవాళ్ళతో కలిసి వండుకుని నన్నూ పిలిచేది. నాకు మొదటిసారి పెట్టినప్పుడు కళ్ళు మూసుకుని మింగాను. పోనుపోను ఆ ముద్ద లేకపోతే ఆదివారం ఆదివారంలా ఉండేది కాదు. ఇల్లు వదిలొచ్చాక నాకంటూ దొరికిన మనిషి ఆవిడొక్కతే.

అందుకే ముదినేపల్లి దగ్గర మా ఊరు తీసుకెళ్ళాను. కారం తగ్గించమని అమ్మకి ముందే ఫోన్లో చెప్పాను. ముద్ద సంగతి చెప్పాలని తట్టలేదు.

అమ్మ మర్యాదకి లోటేముంటుంది! ఫ్యాను కింద కుర్చీ వేసి, కొత్త కంచం పెట్టి, ఆ అమ్మాయినొక్కదాన్నే కూర్చోబెట్టింది. నేను పక్కన కూర్చోబోతే కళ్ళతోనే గదిమింది. చుట్టాలు తిన్నాకే ఇంట్లోవాళ్ళు తినాలి మరి. అందరం నిలబడి చూస్తుంటే, "తినమ్మా, మొహమాటపడకు" అంటూ కొర్రమీను పులుసు పోస్తూనే ఉంది.

ఆ అమ్మాయి కాస్త తిని దిక్కులు చూసింది. తర్వాత లేచి, అన్నం పులుసుతో కలిపి ముద్ద చేసి, అమ్మ నోటి దగ్గర పెట్టింది.

అమ్మ వెనక్కి తగ్గింది. నవ్వుతూనే, "అయ్యో, వద్దమ్మా! నువ్వు తిను, నేను తర్వాత తింటాను" అంది.

ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ముద్ద కంచంలో పెట్టేసి కూర్చుంది.

"మీ అమ్మకి నేనంటే అసహ్యమా?" అని అడిగింది తిరుగు బస్సులో. కాదు, మాకు ఎంగిలి పట్టింపు, నేను కొరికిన జామకాయ కూడా మా అమ్మ ముట్టదు అని ఏలూరు వచ్చేదాకా చెప్పాను. అంతా వింది. "ఒక్కరూ నా పక్కన కూర్చోలేదు" అంది.

ఆ రాత్రి ఫోన్లో ఈ మాట చెబితే అమ్మ గాభరా పడిపోయింది. "ఏం తక్కువ చేశామే? తలకాయ ముక్క కూడా ఆ పిల్లకే వేశాను గదా!" అంది. ఇటు చెప్పాను, అటు చెప్పాను. నా వల్ల కాలేదు.

కొన్నాళ్ళకి ఆ అమ్మాయి తన దేశం వాళ్ళున్న బ్లాకుకి గది మార్పించుకుంది. పోట్లాటేం లేదు. ఎదురైతే నవ్వేది. ఆదివారాలు పిలవడం మానేసింది. ఖాళీ మంచం చూస్తే ఏడుపొచ్చేది.

మొన్న అమ్మ కళ్ళు చూపించుకోవడానికి ఏలూరు వస్తూ, ఆ పిల్ల కోసమని ప్రత్యేకంగా క్యారేజీ నిండా పులుసు తెచ్చింది. కబురు పెడితే ఆ అమ్మాయి వచ్చింది. విజిటర్స్ గదిలో ఫ్యాను కిందకి కుర్చీ జరిపి అమ్మని కూర్చోబెట్టింది. క్యారేజీ విప్పి వడ్డించింది. "నువ్వూ రామ్మా, కూర్చో" అంది అమ్మ.

ఆ అమ్మాయి కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడి, తెలుగులోనే, "మీరు తినండి ఆంటీ. నేను తర్వాత తింటాను" అంది.

అమ్మ పొంగిపోయింది. "చూశావటే, మన పద్ధతి ఎంత చక్కగా నేర్చుకుందో!" అంది నాతో.

అవునమ్మా అన్నాను. మళ్ళీ మొదట్నుంచీ చెప్పే ఓపిక నాకు లేదు.