బనగానపల్లెకు ఒక్క వాక్యం

2011లో నేను హైదరాబాద్ అశోక్ నగర్‌లో ఒక చిన్న కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్పేవాణ్ణి. గ్రూప్స్ రెండుసార్లు రాసి, రెండుసార్లూ ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నాకు రాని ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో ఇంకొకళ్లకు చెప్తున్నానని లోపల ఒక మంట ఉండేది. అందుకే పాఠం గబగబా చెప్పేసేవాణ్ణి.

ఆ రోజు పాఠం సంస్థానాలు. బనగానపల్లె దగ్గరికి వచ్చేసరికి టైం అయిపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో నవాబులు ఏలిన చిన్న సంస్థానం, పాలన బాగాలేదని ఇంగ్లీషువాళ్లు కొంతకాలం తమ చేతిలోకి తీసుకున్నారు, స్వాతంత్ర్యం తర్వాత కర్నూలు జిల్లాలో కలిసింది, రాసుకోండి అన్నాను. ఎవరో మామిడిపళ్ల మాట ఎత్తారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

బయటికి వస్తుంటే వరండాలో బెంచీ మీద కూర్చున్న పెద్దాయన లేచి నిలబడ్డారు. మా క్లాసులో చదివే ఒక అమ్మాయికి తాత. రోజూ నారాయణగూడ నుంచి మనవరాలితో నడిచి వచ్చి, క్లాసు అయ్యేదాకా అక్కడే పేపరు చదువుకునేవారు. తెలుగు పండితులుగా రిటైరయ్యారని, ముస్లిములని మాత్రమే నాకు తెలుసు.

"మా ఊరిని ఒక్క వాక్యంలో ముగించినారు సార్" అన్నారు. గొంతులో కోపం లేదు. మనవరాలు సిగ్గుపడి ఆయన చెయ్యి పట్టుకుని లాగింది.

నాకు ఉక్రోషం వచ్చింది. పరీక్షలో అంతకంటే ఎక్కువ అడగరని చెప్పి వెళ్లిపోయాను. కానీ ఆ సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని వెతికితే, గైడులో ఉన్న ఆ నాలుగు ముక్కలు తప్ప నాకేమీ తెలియదని తేలింది. మర్నాడు ఆయన దగ్గరికి వెళ్లి, ఆదివారం క్లాసుకు వచ్చి ఓ గంట మాట్లాడమని అడిగాను.

నిజం చెప్పాలంటే భయపడుతూనే అడిగాను. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడిగా ఉన్న రోజులు. క్లాసులో ఎక్కువమంది తెలంగాణ పల్లెల పిల్లలు. ఆయనది రాయలసీమ, పైగా చెప్పబోయేది నవాబుల సంస్థానం.

ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. నవాబుల గురించి చెప్పనేలేదు. వాళ్ల తాత అర్జీలు రాసేవాడట. ఒక ఊరి చెరువు తూము పగిలిపోతే, రైతుల తరఫున నవాబుకు ఉర్దూలో అర్జీ రాశాడు. జవాబు రాలేదు. ఈలోగా పాలన ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. కొత్త అధికారికి ఉర్దూ రాదు. తాత నలభయ్యేళ్ల వయసులో పోస్టుమాస్టరు దగ్గర కూర్చుని ఇంగ్లీషు అక్షరాలు దిద్ది, అదే అర్జీ మళ్లీ రాశాడు. దానికీ జవాబు రాలేదు. చివరికి ఊరివాళ్లే వేసవిలో రాయీ మట్టీ మోసి తూము కట్టుకున్నారు. తాత కూడా వాళ్లతో కలిసి తట్ట మోశాడట.

అప్పుడు జనగామ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచింది.

"మా తాతను రజాకార్లు కొట్టిన్రు సార్. నవాబుల కత మేమెందుకు వినాలె?"

నేను కల్పించుకోబోయాను. ఆయన మాత్రం ఆ అమ్మాయి వైపు రెండడుగులు వేసి నిలబడ్డారు.

"కొట్టింటారమ్మా, నేను కాదనను. నవాబు కోసం బాధపడమని అడగడంల్యా. ఆ తూము కట్టినోళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మీ తాత పేరూ ఉండదు. ఎవరో ఒకరు చెప్పాల గదా. మీ తాత గురించి నువ్వు చెప్పు, నేను వింటా."

ఆ అమ్మాయి చెప్పింది. మొదట తడబడింది, ఆ పైన పావుగంట ఆగలేదు. ఆయన బెంచీ చివర కూర్చుని, తల కిందికి దించుకుని, చివరిదాకా విన్నారు.

ఆ తర్వాత ఆర్నెల్ల పాటు ప్రతి ఆదివారం వచ్చారు. నేను వెనక బెంచీలో కూర్చుని రాసుకునేవాణ్ణి. పాఠంలోకి మనుషుల్ని ఎలా తీసుకురావాలో అక్కడ నేర్చుకున్నాను. నా తొందర తగ్గింది. ఉద్యోగం రాలేదన్న మంట కూడా, ఎప్పుడు తగ్గిందో తెలియకుండానే తగ్గింది.

మరుసటేడు మనవరాలికి కర్నూలులో ఉద్యోగం వచ్చింది. తాతా మనవరాలూ సామాను సర్దుకుంటున్న రోజు నారాయణగూడలోని వాళ్లింటికి వెళ్లాను. ఎంతో చెప్పాలనుకున్నాను. ఆయన నన్ను మంచమ్మీద కూర్చోబెట్టి, తానే టీ కలిపి తెచ్చారు. రేపటి క్లాసులో ఏం చెప్పబోతున్నానని అడిగారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. తాళ్లు కడుతున్న మనవరాలు కూడా వచ్చి పక్కన కూర్చుంది.