డిగ్రీ ఎంచుకునే ముందు ఆర్మూర్ పసుపు మిల్లుకు పోయొచ్చినం

మా మనుమరాలు అఖిల ఇంటర్ పాసైంది. డిగ్రీల ఫుడ్ టెక్నాలజీ చదువుతనంటది. కంప్యూటర్ చదివితేనే నౌకరీ అని చుట్టాలందరి మాట. మస్కట్‌ల ఉన్న నా కొడుకు, అఖిల నాయిన, ఫోన్ చేసి, "అమ్మా, నువ్వే చూసి చెప్పు, నువ్వేదంటే గదే" అన్నడు. ఆన్‌లైన్‌ల కోర్సు పెట్టుకునుడుకు తెల్లారితే ఆఖరు రోజు. నేను చదివింది మూడో తరగతి. పిల్ల బతుకంత నా ఒక్క మాట మీద పెడితే నాకు నిద్రెట్ల పడతది? గా చదువు చదివినోళ్లు ఏం పని చేస్తున్నరో కండ్లతోటి చూద్దామని ఇద్దరం బయలెల్లినం.

భీమ్‌గల్‌ల ఎనిమిదింటి బస్సెక్కి గంటకు ఆర్మూర్‌ల దిగినం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడోళ్లకు టికెట్ పైసలు లేవు. కార్డుందా లేదా అని నేను సంచి నాలుగుసార్లు వెతికిన. పసుపు పొడి మిల్లుకు ఆటో మనిషికి ఇరవై. సంగతి విని డ్రైవర్, "పెద్దమ్మా, నాది గూడ కంప్యూటర్ డిగ్రీనే" అన్నడు. "గంత చదివి ఆటో నడుపుతున్నవా బిడ్డా?" అన్న. "గాబరా పడకు, మా దోస్తులు మంచిగనే ఉన్నరు. నాకే దాని మీద మనసు లేకుండె" అని నవ్విండు.

మిల్లుల పసుపు పరీక్ష చేసే శైలజ మేడం అఖిల చదువుతనన్న చదువే చదివింది. పన్నెండేండ్ల సంది గదే పని.

"జీతం సంగతి తర్వాత, నౌకరీ నిలుస్తదా బిడ్డా?" అని అడిగిన.

"మొదటి రెండేండ్లు కష్టమే అమ్మా. మా క్లాసుల కొందరు ఇడిసిపెట్టిండ్రు. నిలబడ్డోళ్లు పాల డైరీలల్ల, కారం మిల్లులల్ల పెద్ద పోస్టులల్ల ఉన్నరు."

ఆమె ముందు గిన్నెల పసుపు కొమ్ములున్నయి. అలవాటుగ ఒకటి విరిచి చూసిన. "ఇది సరిగ ఉడకలె. లోపల రంగు ఒక్కతీరు లేదు."

మేడం తన కాగితం చూసుకుంది. "పొద్దుగాల పరీక్ష చేసి నేను పక్కకు పెట్టిన సరుకే ఇది. నీకెట్ల తెలిసిందమ్మా?"

"ముప్పై ఏండ్లు పసుపు ఉడకబెట్టిన బిడ్డా."

"ఇంట్ల ఇంత పెద్ద టీచర్‌ను పెట్టుకొని ఇంత దూరం వచ్చినవా అఖిలా?"

అఖిల నా దిక్కు తిరిగి, "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలె నానమ్మా?" అన్నది.

"నువ్వడిగినవా? చేతులకు పసుపంటుతదని ఉరికేదానివి."

గాడ్నించే కొడుక్కు ఫోన్ చేసి, "ఫుడ్ టెక్నాలజీనే, ఇంకో మాట లేదు" అన్న. ఒంటిగంటకు బస్టాండ్ కాడి నెట్ సెంటర్‌ల మొదటి ఆప్షన్ గదే పెట్టించినం. పోయిన వారం సీటొచ్చింది.

నాకు చదువు రాదు, గీ సంగతిల నా మాట పనికిరాదనుకున్న. కోర్సు పేరు తెల్వకపోయినా, పని చూస్తే మంచిచెడు తెలుస్తది. గా రోజు మిల్లుల నుంచి తలెత్తుకొని బయటికొచ్చిన. ఫికర్ పోయిందా అంటే పోలె. ఇప్పుడు హాస్టల్ అన్నం పిల్లకు పడతదో లేదో అని మొదలైంది. గీ ఫికర్ మాత్రం మస్తు హాయిగుంది.

మీరు పోయేదుంటే పదకొండు లోపల పోండి. తర్వాత సరుకు లారీలొస్తయి, ఎవ్వరికీ మాట్లాడ తీరదు.